వాయిదా కూడా పడని పిటిషన్

(జిల్లా గ్రంథాలయంలో న్యాయశాస్త్ర విద్యార్థుల ముందు ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

చట్టం, రాజకీయం ఎక్కడ కలుసుకుంటాయో చెప్పమని నన్ను పిలిచారు. అవి కలిసే చోట్లు చాలా ఉన్నాయి. గవర్నర్ సంతకం పెట్టకుండా ఆపిన బిల్లు ఒకటి, ఎన్నికల ముందు తెరుచుకునే పాత కేసు ఇంకొకటి. అన్నీ తడిమితే ఏదీ మీకు గుర్తుండదు. అందుకే ఒక్క బల్ల దగ్గరే ఆగుతాను. అది శాసనసభ స్పీకర్ బల్ల. దాని మీద ఉండే ఒక్క కాగితం గురించే మాట్లాడతాను. దాని పేరు అనర్హత పిటిషన్, అంటే పార్టీ మారిన ఎమ్మెల్యే పదవి తీసేయమని అడిగే కాగితం.

ముందు మా కోర్టులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒక పల్లెలో పోలింగ్ రోజున బూత్ దగ్గర రెండు పార్టీల కార్యకర్తలు కొట్టుకున్నారు. రెండు వైపులా కేసులు పెట్టుకున్నారు. ఒక వైపు వాళ్ళు నా క్లయింట్లు. తొమ్మిది మంది ముద్దాయిలు, అందరూ కూలీనాలీ చేసుకునేవాళ్ళు. ప్రతి వాయిదాకీ ఆ రోజు పని మానుకుని, ఆటో ఎక్కి కోర్టుకు వచ్చేవారు. కోర్టు పిలిచినప్పుడు ‘హాజరు’ అని చెప్పి మళ్ళీ వెళ్ళిపోయేవారు. ఏడాదిన్నర గడిచింది. వాళ్ళు ఎవరి కోసమైతే దెబ్బలు తిన్నారో, ఆ ఎమ్మెల్యే ఒక ఉదయం అవతలి పార్టీ కండువా కప్పుకున్నాడు. ఊళ్ళో వీళ్ళతో కొట్టుకున్నవాళ్ళే ఆయన కారు ముందు డప్పు కొట్టారు. కేసు మాత్రం అలాగే ఉంది. తర్వాతి వాయిదాకు మా మూడో ముద్దాయి నన్ను అడిగాడు. “సార్, ఆయన మీద కూడా కేసు వేశారంట కదా. ఆయన వాయిదా ఎప్పుడు?”

అది మన కోర్టులో ఉండదయ్యా, స్పీకర్ గారి దగ్గర ఉంటుంది అన్నాను. “మరి అక్కడ వాయిదాలు ఉండవా?” అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ కుర్రాడికి ఆరోజు చెప్పలేకపోయిన సమాధానమే.

ఈ చట్టం ఎక్కడినుంచి వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు. ‘ఆయారాం గయారాం’ అన్న మాట అప్పుడు పుట్టిందే. మన దగ్గర అయితే 1984 ఆగస్టు సంక్షోభం. ఎన్టీ రామారావు గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి తిరిగొచ్చిన కొద్ది రోజులకే గవర్నర్ రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అయ్యారు. ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటకకు తరలించాల్సి వచ్చింది. నెల రోజుల తర్వాత, సెప్టెంబర్ 16న, రామారావు మళ్ళీ ప్రమాణం చేశారు. ఆ రోజులు చూసినవాళ్ళు ఇప్పటికీ ఊరూరా ఉన్నారు. మీ ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, కథ కథగా చెబుతారు. ఆ మరుసటి ఏడాది, 1985లో, 52వ సవరణ వచ్చింది. రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేరింది. మనం ఫిరాయింపుల నిరోధక చట్టం అని పిలిచేది దాన్నే.

అందులోని సూత్రం చిన్నదే. ఒక పార్టీ గుర్తు మీద గెలిచిన సభ్యుడు ఆ పార్టీ సభ్యత్వాన్ని తనంతట తాను వదులుకుంటే పదవి పోతుంది. పార్టీ విప్‌కు, అంటే సభలో ఇలా ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశానికి, విరుద్ధంగా ఓటేసినా పోతుంది, పార్టీ 15 రోజుల్లోగా క్షమిస్తే తప్ప. వదులుకోవడమంటే రాజీనామా లేఖ ఇవ్వడమే కాదని 1994లో రవి నాయక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనిషి నడవడికను బట్టి కూడా ఆ మాట తేల్చవచ్చు. అవతలి పార్టీ వేదిక ఎక్కడం, ఆ కండువా కప్పుకోవడం, ఆ పార్టీకి ఓటు అడగడం వంటివన్నీ సాక్ష్యంగా పనికొస్తాయి.

మరి ఈ సాక్ష్యాన్ని తూచేది ఎవరు? షెడ్యూలులోని ఆరో పేరా ఆ పనిని స్పీకర్‌కు అప్పగించింది. కోర్టులు తలదూర్చకూడదని ఏడో పేరా అంది. దీని మీద 1992లో కిహోటో హోలోహాన్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. కోర్టుల్ని దూరం పెట్టిన ఏడో పేరాను కొట్టేసింది. స్పీకర్ చేసే ఈ పని ట్రిబ్యునల్ పనేనని, అంటే కోర్టులా తగాదా తేల్చే పనేనని, ఆయన నిర్ణయం ఇచ్చాక కోర్టు దాన్ని పరిశీలించవచ్చని చెప్పింది. అధికారం మాత్రం స్పీకర్ దగ్గరే ఉంచింది. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు. ఆ ఇద్దరూ రాసిన మాట ఇప్పుడు చదివితే మనసు కలుక్కుమంటుంది. స్పీకర్ పదవి సభలోని మెజారిటీ మీద ఆధారపడి నిలుస్తుంది, అలాంటి మనిషిని ఇలాంటి తగాదాకు స్వతంత్ర న్యాయనిర్ణేత అనలేం అన్నారు వాళ్ళు.

ఇక్కడ మీరు ఒక మాట బాగా పట్టుకోవాలి. నిర్ణయం ‘ఇచ్చాక’ కోర్టుకు వెళ్ళవచ్చు. ఇవ్వకపోతే? రాజకీయం చట్టంలోకి దూరిన సందు ఇదే. తప్పుడు తీర్పు ఇస్తే పైకోర్టులో నిలబడదు. అసలు తీర్పే ఇవ్వకపోతే సవాలు చేయడానికి కాగితం ఉండదు. అనర్హత వేయనక్కర్లేదు, పిటిషన్ కొట్టేయనూ అక్కర్లేదు. బల్ల మీద ఉంచితే చాలు. శాసనసభ వయసు అయిదేళ్ళు. అది ముగిసిన రోజున పిటిషన్ కూడా దానంతట అదే చచ్చిపోతుంది.

మన రెండు రాష్ట్రాల్లో పదేళ్ళ చరిత్ర ఈ సందులోంచే నడిచింది. ఏ ఒక్క పార్టీనో ఉద్దేశించి అంటున్నాను అనుకోవద్దు. వరసగా చెబుతాను, మీరే చూడండి.

2014లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ 67 సీట్లు గెలిచింది. తర్వాత వాళ్ళలో 23 మంది ఎమ్మెల్యేలు అధికారంలో ఉన్న తెలుగుదేశం వైపు వెళ్ళారు. వాళ్ళలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. న్యాయ విద్యార్థులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. 2003లో 91వ సవరణ వచ్చింది కదా. ఫిరాయించి అనర్హుడైనవాడు మళ్ళీ గెలిచేదాకా మంత్రి కాకూడదని అందులో స్పష్టంగా ఉంది. మరి వీళ్ళెలా అయ్యారు? ‘అనర్హుడైనవాడు’ అన్న మాట మరోసారి చదవండి. స్పీకర్ అనర్హత వేయలేదు, కాబట్టి ఆ నిషేధానికి పట్టు దొరకలేదు. ప్రతిపక్షం 2017 చివరి నుంచి సభను బహిష్కరించింది. 2019 ఎన్నికల్లో తెలుగుదేశానికి వచ్చిన సీట్లు కూడా 23. ఆ అంకె గురించి జనం చాలా మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఓటరు ఇచ్చిన శిక్ష కంటే ముందు చట్టం ఇవ్వాల్సిన శిక్ష రాలేదన్న బాధే మిగిలింది.

అప్పట్లో తెలుగుదేశానికి సభలో మెజారిటీ లేక కాదు, 175లో 102 సీట్లు ఉన్నాయి. మరి ఇంతమందిని ఎందుకు తీసుకున్నట్టు? ఎదుటి పార్టీని కింది స్థాయిలో నిలబడనీయకుండా చేయడం ఒక కారణం. ఇంకో కారణం మీలో చాలామందికి తెలియకపోవచ్చు. రాష్ట్ర పునర్విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆంధ్రప్రదేశ్ సీట్లను 175 నుంచి 225కి, తెలంగాణ సీట్లను 119 నుంచి 153కి పెంచాలని ఉంది. సీట్లు పెరిగితే పాత నాయకుడికీ, కొత్తగా వచ్చినవాడికీ చెరొకటి సర్దవచ్చన్న ఆశ రెండు రాష్ట్రాల్లోనూ ఉండేది. రాజ్యాంగంలోని 170వ అధికరణం అడ్డు ఉండటంతో ఆ సీట్లు పెరగలేదు. ఒకే నియోజకవర్గంలో ఇద్దరు నాయకులు మిగిలారు. కార్యకర్తలు నలిగిపోయారు.

తెలంగాణ సంగతి చూద్దాం. 2014లో తెలుగుదేశం గుర్తు మీద గెలిచిన ఒక ఎమ్మెల్యే ఆ డిసెంబర్‌లోనే టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. తను రాజీనామా లేఖ స్పీకర్‌కు ఇచ్చానన్నారు. ఆ లేఖ మీద నిర్ణయం ఏళ్ళ తరబడి రాలేదు. తర్వాత ఇంకో దారి దొరికింది, దాన్ని విలీనం అంటారు. పదో షెడ్యూలు నాలుగో పేరా ప్రకారం ఒక పార్టీ ఇంకో పార్టీలో కలిసిపోతే, శాసనసభాపక్షంలో మూడింట రెండు వంతుల మంది దానికి ఒప్పుకుంటే, అది ఫిరాయింపు కాదు. 2018లో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది. ఒకరు లోక్‌సభకు ఎన్నికై రాజీనామా చేయడంతో 18 అయ్యాయి. 2019 జూన్‌లో వాళ్ళలో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. పద్దెనిమిదికి మూడింట రెండు వంతులంటే సరిగ్గా పన్నెండే. ఆ పన్నెండుగురూ ఒకే రోజు కూర్చుని ఆలోచించి వెళ్ళినవాళ్ళు కాదు. మార్చి నుంచి ఒకరొకరుగా కండువాలు మార్చారు. మొదట వెళ్ళినవాళ్ళ మీద వెంటనే నిర్ణయం వచ్చి ఉంటే ఆ లెక్క పన్నెండు దాకా వచ్చేదా?

అదే జూన్‌లో ఢిల్లీలో రాజ్యసభలో తెలుగుదేశానికి ఆరుగురు ఉంటే, నలుగురు బీజేపీలో విలీనమయ్యారు. ఆరుకు నాలుగు, మళ్ళీ సరిగ్గా మూడింట రెండు వంతులు. కాంగ్రెస్ పార్టీ టీఆర్ఎస్‌లో కలవలేదు, తెలుగుదేశం పార్టీ బీజేపీలో కలవలేదు. రెండు పార్టీలూ ఎన్నికల సంఘం రికార్డుల్లో అలాగే ఉన్నాయి. అయినా ‘విలీనం’ జరిగిపోయింది.

2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం నుంచి గెలిచిన నలుగురు ఎమ్మెల్యేలు వైఎస్సార్ కాంగ్రెస్ పక్కన కూర్చున్నారు. వాళ్ళ మీద అనర్హత 2024 ఫిబ్రవరి చివర్లో పడింది. వైఎస్సార్ కాంగ్రెస్‌ను కాదన్న నలుగురితో కలిపి మొత్తం ఎనిమిది మందిని ఒకేసారి అనర్హులను చేశారు. ఎన్నికల షెడ్యూలు రావడానికి అప్పటికి మూడు వారాలు కూడా లేదు. పదవీకాలం దాదాపు అంతా అయిపోయాక పడే అనర్హత ఎవరికి శిక్ష?

2023లో తెలంగాణలో కాంగ్రెస్ 64 సీట్లతో అధికారంలోకి వచ్చింది. 119 సీట్ల సభలో 60 కావాలి కాబట్టి ఆధిక్యం సన్నగానే ఉంది. బీఆర్ఎస్ (అంతకుముందు టీఆర్ఎస్) నుంచి గెలిచిన 39 మందిలో 10 మంది కాంగ్రెస్ వైపు వెళ్ళారని పిటిషన్లు పడ్డాయి. 2019లో కాంగ్రెస్ ఏం అని ఏడ్చిందో, 2024లో బీఆర్ఎస్ అదే అని ఏడ్చింది. ఆ పదిమందిలో ఒకరు ఖైరతాబాద్‌లో బీఆర్ఎస్ గుర్తు మీద ఎమ్మెల్యేగా గెలిచి, 2024 లోక్‌సభ ఎన్నికల్లో సికింద్రాబాద్ నుంచి కాంగ్రెస్ బీఫాం మీద పోటీ చేశారు. బీఫాం అంటే పార్టీ తన అభ్యర్థి ఇతనే అని రాతపూర్వకంగా ఎన్నికల అధికారికి ఇచ్చే కాగితం. దీనికంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

పిటిషన్లు వేయడం 2024 మార్చిలో మొదలైంది. సెప్టెంబర్‌లో హైకోర్టు సింగిల్ జడ్జి విచారణ షెడ్యూలు నాలుగు వారాల్లో తేల్చమన్నారు. నవంబర్‌లో డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2025 జూలై 31న అప్పటి ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయి, జస్టిస్ అగస్టిన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం మూడు నెలల్లో నిర్ణయం తీసుకోమని స్పీకర్‌ను ఆదేశించింది. ఏడు నెలలకు పైగా నోటీసులు కూడా పంపలేదని ఎత్తిచూపింది. ఈ అధికారం స్పీకర్ చేతిలో ఉండటం సబబా కాదా ఆలోచించమని పార్లమెంటుకు చెప్పింది. ‘తేల్చండి’ అని చెప్పించుకోవడానికే పదహారు నెలలు పట్టింది. ఏమని తేల్చాలో కాదు, ఊరికే తేల్చమనడానికి! మూడు నెలల గడువు కూడా అక్టోబర్ చివరికి దాటిపోయింది, ఇంకొంత సమయం కావాలన్నారు. డిసెంబర్‌లో అయిదుగురి మీద వేసిన పిటిషన్లను, పార్టీ మారినట్టు ఆధారాల్లేవని, స్పీకర్ కొట్టేశారు.

పార్టీల పేర్లు తీసేసి ఈ కథలన్నీ మళ్ళీ చదివితే ఒకే కథలా ఉంటాయి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతి పార్టీకీ ఈ చట్టం పవిత్రం. అధికారంలోకి వచ్చిన మర్నాటి నుంచి అదే చట్టం అడ్డం. అందుకే ఫలానా పార్టీ మంచిది, ఫలానా స్పీకర్ చెడ్డవాడు అన్న వాదన నేను ఒప్పుకోను. తగాదాలో ఒక పార్టీ లాభపడుతున్నప్పుడు, ఆ తగాదా తీర్చే పని ఆ పార్టీ మనిషికే ఇచ్చాం. ఏ మనిషి తన కేసులో తానే జడ్జి కాకూడదన్నది మీరు మొదటి సంవత్సరం మొదటి నెలలో చదివే పాఠం. ఊళ్ళో పొలం గట్టు తగాదాకు కూడా మనం పక్కింటివాణ్ణి పెద్దమనిషిగా పెట్టుకుంటాం కానీ గట్టు జరిపినవాడి తమ్ముణ్ణి పెట్టుకోం.

స్పీకర్ తలుచుకుంటే త్వరగా తేల్చగలరు అనడానికి కూడా ఉదాహరణ ఉంది. రాజ్యసభలో స్పీకర్ పని చేసేది ఛైర్మన్. 2017లో ఆ ఛైర్మన్‌గా వెంకయ్య నాయుడు శరద్ యాదవ్, అలీ అన్వర్ మీద పిటిషన్లను సుమారు మూడు నెలల్లో తేల్చి అనర్హత వేశారు. ఇలాంటివి మూడు నెలల్లో తేలాలని ఆ ఉత్తర్వులోనే రాశారు. పాలకపక్షానికి ఎదురు తిరిగినవాళ్ళ విషయంలోనే ఇంత వేగమా అని అడిగినవాళ్ళున్నారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ మూడు నెలలు సాధ్యమని మాత్రం రుజువైంది. 2020 జనవరిలో మణిపూర్ కేసులో జస్టిస్ నారిమన్ ధర్మాసనం కూడా మామూలుగా మూడు నెలలే తగిన సమయం అంది. కాంగ్రెస్ తరఫున గెలిచి బీజేపీ ప్రభుత్వంలో మంత్రి అయిన ఒక ఎమ్మెల్యే కేసు అది. స్పీకర్ అప్పటికీ తేల్చకపోతే, మార్చిలో సుప్రీంకోర్టే తనకు ప్రత్యేక అధికారమిచ్చే 142వ అధికరణం కింద ఆయన్ని మంత్రి పదవి నుంచి తప్పించింది.

మన మనిషి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. నీలం సంజీవరెడ్డి, అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టినవారు. 1967లో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికయ్యాక కాంగ్రెస్ పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. అప్పటికి ఈ చట్టమే లేదు, ఆయన్ని ఎవరూ అడగనూ లేదు. సభ అంతటికీ చెందిన కుర్చీలో కూర్చున్నాను కాబట్టి ఒక పార్టీ మనిషిగా ఉండకూడదు అనుకున్నారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత పదో షెడ్యూలు రాసినవాళ్ళు అయిదో పేరాలో దానికి తలుపు తెరిచిపెట్టారు. స్పీకర్‌గా ఎన్నికైనవారు పార్టీకి రాజీనామా చేస్తే అది ఫిరాయింపు కాదు, పదవి దిగాక మళ్ళీ పార్టీలో చేరినా కాదు. ఆ పేరా ఇప్పటికీ అలాగే ఉంది. మన రెండు శాసనసభల్లో నేను చెప్పిన ఈ పదేళ్ళలో ఆ తలుపు గుండా నడిచిన స్పీకర్‌ను నేను చూడలేదు.

మార్గాలు లేవా అంటే ఉన్నాయి. ఒకటి మన రాజ్యాంగంలోనే ఉంది. లాభదాయక పదవి, అంటే సభ్యుడిగా ఉంటూనే ప్రభుత్వం కింద లాభం వచ్చే పదవిలో ఉండటం, కారణంగా అనర్హత వచ్చినప్పుడు ఎంపీల విషయంలో రాష్ట్రపతి, ఎమ్మెల్యేల విషయంలో గవర్నర్ నిర్ణయిస్తారు. అదీ ఎన్నికల సంఘం చెప్పిన అభిప్రాయం ప్రకారమే. 2006లో జయా బచ్చన్ రాజ్యసభ సభ్యత్వం ఆ దారిలోనే పోయింది. ఫిరాయింపులకు కూడా అదే దారి పెట్టమని 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. అది చెప్పినప్పుడు ఈ హాల్లో ఉన్న చాలామంది ఇంకా పుట్టలేదు. పార్టీలో ఉంటూనే ప్రభుత్వాన్ని విమర్శించే సభ్యుడి గొంతు నొక్కకుండా, విప్‌ను విశ్వాస తీర్మానం లాంటి వాటికే పరిమితం చేయమని కూడా ఆ కమిటీ అంది. దాని గురించి ఇంకో రోజు విడిగా మాట్లాడుకుందాం. అది చిన్న విషయం కాదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటుంది. “నియోజకవర్గ అభివృద్ధి కోసం పార్టీ మారాను” అన్న మాట. ఈ మాట వినగానే మనం తలూపుతున్నాం. దాని అర్థం ఏమిటో చూడండి. ప్రతిపక్ష ఎమ్మెల్యేను గెలిపించిన ఊరికి రోడ్డు రాదు, నీళ్ళు రావు అని ఒప్పుకున్నట్టే కదా. ఆ రోడ్డు డబ్బు ఆ ఊరివాళ్ళు కట్టిన పన్నే. ఓటు ఎవరికి వేశారో చూసి ప్రభుత్వం నిధులు ఇస్తోందంటే అసలు కేసు అక్కడ వేయాలి. పార్టీ మారడాన్ని అది సమర్థించదు.

మళ్ళీ మా క్లయింట్ల దగ్గరకు వస్తాను. వాళ్ళ కేసు నాలుగేళ్ళు నడిచింది. చివరికి లోక్ అదాలత్‌లో రెండు వైపులవాళ్ళూ రాజీ పడ్డారు. మా మూడో ముద్దాయి నాలుగేళ్ళలో ఒక్క వాయిదా కూడా తప్పలేదు. రాకపోతే వారెంటు పడుతుందని భయం. అతని ఎమ్మెల్యే మీద పిటిషన్ మాత్రం ఒక్క వాయిదా కూడా పడకుండానే సభ గడువుతో పాటు ముగిసిపోయింది.

అప్పుడు నాకు తెలియని ఒక తీర్పు గురించి మీకు చెప్పాలి. 2013లో ఒడిశా శాసనసభ స్పీకర్‌కూ ఉత్కళ కేశరి పరిడాకూ మధ్య వచ్చిన కేసు అది. అనర్హత పిటిషన్ సభలోని సభ్యుడే వేయాలన్న నియమాన్ని సుప్రీంకోర్టు అక్షరాలా అలా చదవకూడదంది. ఆ విషయంలో ఆసక్తి ఉన్న ఏ వ్యక్తి అయినా స్పీకర్ దృష్టికి తేవచ్చు అంది. ఆ సంగతి ఆరోజు తెలిసి ఉంటే, మా మూడో ముద్దాయి చేత వకాలతు మీదే కాకుండా ఆ పిటిషన్ మీద కూడా సంతకం పెట్టించేవాణ్ణి. తను ఓటేసి, తన్నులు తిని గెలిపించుకున్న మనిషి విషయంలో అతనికంటే ఆసక్తి ఉన్నవాడు ఎవరుంటారు?

పిటిషన్ రాయడం కష్టమేమీ కాదు. ఎవరు, ఏ గుర్తు మీద గెలిచారు, ఏ తేదీన ఏ వేదిక మీద ఏం చేశారు, దానికి ఫోటో, వీడియో, పత్రిక కత్తిరింపు, కింద అఫిడవిట్, అంతే. నమూనా ఒకటి తెచ్చాను, లైబ్రేరియన్ గారి బల్ల మీద పెట్టాను. జిరాక్స్ తీసుకోండి. ఇక ప్రశ్నలు అడగండి, నాకు తొందరేం లేదు.